లోపలి దూది

శుక్రవారం, నాలుగున్నర.
బ్యాట్లీలో అప్పుడే చీకటి పడుతోంది.
కుట్టు మిషన్ కింద ఆఖరి పరుపు,
ఇద్దరు పడుకునేది.

చెయ్యి ఆనించి చూశాను.
పైపొర కింద ఒక మూల తడి.
కప్పులోంచి కారిందో, లారీలోనే నానిందో.
గంట కొట్టడానికి పది నిమిషాలు.
అంచు పట్టీ తిప్పేశాను.
తెల్లగుడ్డ, నీలి పూలు,
‘సరికొత్తది’ అని చీటీ.

బస్సెక్కాను.

మా తాత కాశింపీరా
విల్లు భుజాన వేసుకుని
గిద్దలూరు వీధుల్లో దూదేకేవాడు.
నారి మోగితే పిల్లలం మూగేవాళ్ళం.
మీసాల నిండా దూది, కనురెప్పల మీద దూది.
గింజ ఏరకుండా ఒక్క పరుపూ కుట్టలేదు.
“లోపల ఎవరు చూడొచ్చార్లే తాతా” అంటే
నారి ఆపేవాడు.
“కొన్నోడికి కనపడదు,
కుట్టినోడు మర్చిపోతాడు.
ఈ రెండూ లేనోడు ఒకడుండాడు గదరా.”
మసీదులో హజ్రత్ చెప్పే తఖ్వా అన్న మాటకి
ఆయన నోరు తిరిగేది కాదు.
ఎరుక అనేవాడు.
అని, మళ్ళీ నారి మీటేవాడు.

మూడో స్టాపులో దిగేశాను.
నరకం గుర్తొచ్చి కాదు.
వీపుకి తడి తగిలినట్టయింది, అంతే.
కోటు పొడిగానే ఉంది.

ఎత్తు మీదికి వెనక్కి నడిచాను.
కాపలా కీత్ తలుపు తీసి
“ఏం మర్చిపోయావ్?” అన్నాడు.
ఏమని చెప్పను?
“టిఫిన్ డబ్బా” అన్నాను.
భుజాల మీది ఇద్దరిలో
ఎడమవాడు అదీ రాసుకునే ఉంటాడు.

కుట్లు విప్పాను. తడిపొర లాగి పారేశాను.
కొత్తది పరుస్తుంటే వేలికి సూది దిగింది.
మగ్రిబ్ నమాజు అక్కడే, స్ప్రింగుల కట్టల సందున,
నలకలంటిన మోకాళ్ళతో.

సోమవారం సూపర్‌వైజర్
దారం ఎక్కువ ఖర్చయిందని విసుక్కున్నాడు.
నిజమే. ఎక్కువే అయింది.

ఇక్కడితో ఆపితే బాగుండేది.
కానీ పదకొండేళ్ళుగా కుడుతున్నాను.
ఉపవాసంతో కళ్ళు తిరిగిన మధ్యాహ్నాలు,
అద్దె కట్టాల్సిన వారాలు,
పరుపుకింత అని లెక్కగట్టి పరిగెత్తిన రోజులు,
చెయ్యి ఆనించి చూడనివి ఎన్నో.
చూసీ కుట్టేసినవి కొన్ని.

ఏ లీడ్స్‌లోనో, ఏ హల్‌లోనో,
ఎవరో ముసలాయన, ఎవరో నిండు చూలాలు
వాటి మీద అటూ ఇటూ దొర్లుతున్నారు,
ఎందుకు నిద్ర పట్టడం లేదో తెలియక.

తాతా,
ఇవాళ నాకూ పట్టలేదు.
నాకు తెలుసు.