నేనే

ముప్పై రెండేళ్లు బెంచి గుమాస్తాగా
పేర్లు పిలిపించినవాణ్ణి.
ఇప్పుడు గుంటూరు కోర్టు ఎదురుగా టీకొట్టు బల్ల మీద
ట్యాగులు, గుండుసూదులు, గమ్ముసీసా పెట్టుకుని కూర్చుంటాను.

మస్తాన్‌బీ వచ్చింది,
యార్డులో మిరప తొడిమలు తీసే మనిషి.
గది అడ్వాన్సు పద్దెనిమిది వేలు ఓనరు ఎగ్గొట్టాడు.
వకీలు ఫీజుకే అందులో సగం పోతుంది.
"నేనే మాట్లాడుకుంటా. ఎట్టా మాట్లాడాలో చెప్పు."

చెప్పాను.
కాయితంలో ఉన్నదే చెప్పు,
లేనిది నీ ఏడుపైనా సరే, మింగు.
తారీఖుల దగ్గర తడబడకు.
అవతలి వకీలు గద్దిస్తే
జడ్జిగారి వైపే చూడు.

అన్నీ విని అడిగింది:
"చేతులు ఎక్కడ పెట్టుకోను?"

ఇన్నేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు.
ఆ వేళ్ల వంక చూశాను,
గోళ్ల సందుల్లో ఇంకా ఎర్రటి మంట.
రెండు చేతులా కాయితం పట్టుకో, అన్నాను
అంతకంటే తెలియక.

బంట్రోతు మూడుసార్లు పిలిచాడు.
"నీ వకీలెవరమ్మా?"
"నేనే."
ఆమె కట్ట విప్పగానే కొత్త గుమాస్తా తుమ్మాడు,
వెంటనే అవతలి వకీలు,
కాసేపటికి పైనుంచి కూడా ఒక తుమ్ము.
వెనక బెంచీలో నేను నవ్వాపుకున్నాను.

వాయిదా పడింది, పై నెల తొమ్మిదికి.
బయటికొచ్చి టీ డబ్బులు తనే ఇచ్చింది.
"చేతులు ఎక్కడున్నాయో
గుర్తే లేదు బాబూ," అంది.