టీ నీళ్ళ తెలుపు

ఆఖరి జాకెట్టుకు ఉక్సులు కుట్టి
మిషన్ మీద గుడ్డ కప్పేసరికి పదిన్నర.
కొర్లగుంటలో కుక్కలు సద్దుమణిగే వేళ
దారపు ఉండలకు ఫోను ఆనించి పెడతాను.
ఎవరూ అడగని పాత సినిమా,
గీతల వాన కురిసే నలుపూ తెలుపూ.

మొదట నేను కథ చూడను.
చేతులు చూస్తాను.
బుట్ట చేతులు, మోచేతి దాకా బిగిసిన చేతులు,
భుజం దగ్గర ఎన్ని కుచ్చులు పెట్టినాడో ఆ టైలరు,
చంక కింద గుడ్డ లాగుతా ఉందా లేదా.
ఆమె చెయ్యెత్తి ఏడ్చినా
జాకెట్టు ఇంచి కూడా పైకి జరగలేదు,
అదీ పనితనమంటే అని
నాలో నేనే మెచ్చుకుంటా ఉండగా
హీరోయిన్ మొగుడు ఎప్పుడో ఇల్లొదిలి పోయుంటాడు.

చెంగమ్మత్త మడతలు చూస్తాది.
పద్నాలుగేండ్లు మద్రాసులో
సినిమా చీరలు ఇస్త్రీ చేసిన మనిషి.
బొగ్గుల పెట్టె తోసి తోసి
కుడి భుజం ఇప్పటికీ కాస్త కిందికే ఉంటాది.
ఆమెకు కుట్టేటప్పుడు నా లెక్క మార్చుకుంటాను.

"ఎంత తెల్లటి చీరో" అన్నానొక రాత్రి,
దీపం ముందు ఒకామె నిలబడి ఉంటే.
అత్త పక్కున నవ్వింది.
"తెలుపు యాడిదిమే!
టీ నీళ్ళలో ముంచి ఆరేసేవాళ్ళం.
అసలు తెలుపును కెమెరా ఓర్చుకోలేదు,
మొగం కనపడకుండా మింగేసేది."
మరి ఆ పెండ్లిచీర?
"చిలకపచ్చ. ఎరుపు కడితే బొగ్గు మాదిరి పడతాదని."

అప్పటినుంచి నాకు నిమ్మళం లేదు.
ప్రతి బూడిదరంగునూ గోటితో గీకి చూడాలనిపిస్తుంది.
ఆ మేఘం ఏ గోడ?
ఆ కన్నీళ్ళు ఏ సీసాలోవి?
అంతా తెలిసీ
టీ నీళ్ళ చెంగుతో ఆమె కండ్లు ఒత్తుకుంటే
నా చేతిలో సూది ఆగిపోతాది.

పేర్లు పడేటప్పుడు అత్త కదలదు.
పాటలు, కెమెరా, కళ, దుస్తులు.
దుస్తుల దగ్గర ఎవరో మగాయన పేరొచ్చి పోతాది.
ఇస్త్రీకి పేరుండదని ఆమెకు తెలుసు.
అయినా బస్టాండులో బోర్డు కోసం చూసే మనిషి మాదిరి
చివరి అక్షరం దాకా చూస్తాది.

మొన్న ఉన్నట్టుండి "ఆపు, ఆపు" అనింది.
తోటలో పాట. చెంగు నడుముకు దోపుకొని
హీరోయిన్ ఒక కాలు గాల్లో ఉండగా ఆగింది.
"ఆ దోపుకున్న చోట కాలింది చీర.
నేనే కాల్చినా.
ఆ పొద్దు బిడ్డకు జ్వరం,
పెట్టె ఆనించి ఏందో ఆలోచిస్తా నిలబడిపోయినా.
ఎనిమిది రూపాయలు పట్టుకున్నారు కూలీలో.
ఆ తల్లి మాత్రం ఒక్క మాట అనలేదు.
కాలిన చోటు లోపలికి మడిచి
పాటంతా అట్లే ఆడింది."

ఆ బొమ్మ వచ్చినాక రెండేండ్లు
తిరపతిలో ఆడోళ్ళంతా
చెంగు అట్లనే దోపుకున్నారంట.
కాలేజీ పిల్లోళ్ళు, టీచరమ్మలు,
పూలమ్మే వాళ్ళు...
సరే, పూలమ్మే వాళ్ళు ఎప్పుడూ దోపుకునే ఉంటారు.
ఆ సినిమా ఆడిన హాలు ఇప్పుడు లేదు.
హాలు పేరు ఆటోవాళ్ళ నోట్లో
ఒక సర్కిలుకు మిగిలింది.

రెండు వేళ్ళతో బొమ్మను సాగదీశాను.
ఇంకా సాగదీశాను.
నడుము దగ్గర ఒక నల్ల చుక్క.
కాలిందో, రీలు అరిగిందో,
నా ఫోను అద్దం మీద మసో.
పమిటతో తుడిచాను. పోలేదు.
నాకు తెలిసింది అంతవరకే.

ఒంటిగంటకు మా ఆయన వచ్చినాడు
కొండ బస్సు డిపోలో పెట్టి.
మలుపులింకా ఒంట్లో తిరుగుతా ఉంటే
గోడ పట్టుకొని చెప్పులిడిచి
"ఆ బొమ్మేంది అట్లా నిలబడిపోయింది?" అన్నాడు.
ఉండు,
అత్త ఇంకా చూస్తా ఉంది.