గురి ముట్టుకోకు

రెండు ముక్కలైన బెలూన్ల తుపాకీని
పాత చీరలో చుట్టి తెచ్చింది నూకరత్నం,
అల్లిపురంలో నా కొట్టుకి.
"ఫొటో తీయించుకుంటా పడేసినాడు బాబూ,
ఓ పెళ్లికొడుకు."

మణికట్టు దగ్గర విరిగిన టేకు.
చీలికలోంచి బీచి ఇసక రాలింది, చిటికెడు.
బంక పోసి, సైకిలు ట్యూబుతో బిగించి
రెండు రాత్రులు పడుకోబెట్టాను.

సొట్టల మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే
చెక్క బుస్సుమని పైకి లేచింది.
ఉప్పుగాలి తిన్న పాలిష్‌ని గాజుపెంకుతో గీకాను.

చెంప ఆనే చోట మాత్రం చిన్న పల్లం,
పదిరూపాయలిచ్చి ఒక కన్ను మూసిన
ఎందరి బుగ్గలో అరగదీసినది.
ఉప్పుకాగితం అక్కడిదాకా వెళ్లి ఆగిపోయింది.

అవిసెనూనె మూడో పూత ఆరుతుంటే
గొట్టం వెంట కన్ను పెట్టి చూశాను:
గురిమొన ఎడమకి వంకర, వడ్లగింజంత.
సుత్తి తీశానో లేదో
"కర్రకే కూలి మాటాడినాం.
గురి ముట్టుకోకు," అంది.
"అందరికీ తగిలితే నానేటి తినాల?"

ఆదివారం సాయంత్రం, సబ్‌మెరైన్ దగ్గర,
నా చేతి నునుపు నా చెంపకే ఆనించుకుని
పది కాల్చాను.
ఒక్కటి పేలింది.

నేను చూసింది ఎర్రది.
పేలింది దాని పక్క పచ్చది.