మూడో ప్రూఫు

అరండల్‌పేట సందులో మా ప్రెస్సు.
పొద్దున పెళ్లిపత్రికలు, మధ్యాహ్నం మిర్చి యార్డు పట్టీలు,
కరెంటు ఉంటే సాయంత్రం
దైవాశీర్వాదం మాస్టారి జర్మన్ పుస్తకం.

రోగిని పడుకోబెట్టి
తను నోరు మూసుకున్న వైద్యులూ,
దేవుడి ఖాతా మూసేసి
బాకీ మాత్రం మనిషి పేర రాసిన తత్వవేత్తలూ,
వీళ్లిద్దరికంటే ముందే సంగతంతా
ఒక కథలో చెప్పేసి ఊరుకున్న కవులూ
ఒకే వసారాలో కూచున్నట్టు రాశారాయన.
వాళ్ల మధ్య కామాలు పెట్టడం నా పని.

మొదటి ప్రూఫు, నలభై ఒకటో పేజీ.
మనసు అట్టడుగున ఉన్నదానికి
ఆ భాషలో పేరు పెట్టలేదట.
ఒక సర్వనామంతో సరిపెట్టారట.
మాస్టారు తెలుగు చేశారు: అది.

ఫోను చేశాను. ఆ మాట సరిపోతుందా అని.
"ఎందుకు సరిపోదమ్మా?
మిషన్ హాస్టల్లో ఈ భాష నేర్చుకోకముందే నాకా మాట తెలుసు.
మా పేటకి పేరుండేది కాదు.
ఊళ్లోవాళ్లు వేలు చూపించి 'అది' అనేవాళ్లు."

ఆ రాత్రి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే
లోపల మా అత్తగారి గొంతు:
"అదింకా రాలేదు. పుస్తకాలు దిద్దుతోందట."

జర్మన్‌లో ఆడదానికి వేరే మాట ఉందట.
మన వ్యాకరణంలో
గేదె, గోడగడియారం, నేను
ఒక్క మాటలో సర్దుకుంటాం.
వాన వచ్చింది. కోపం వచ్చింది. కోడలు వచ్చింది.

రెండో ప్రూఫులో అప్పు తగిలింది.
అక్కడ అప్పుకీ తప్పుకీ ఒకటే మాటట.
మాస్టారు 'రుణం' రాసి కొట్టేశారు,
'పాపం' రాసి కొట్టేశారు,
చివరికి 'తప్పు' అన్నారు.
మీరావలి టైపు చేసింది మాత్రం: అప్పు.
పదకొండు చోట్ల.
కీబోర్డు మీద ఆ రెండక్షరాలూ పక్కపక్కన ఉండవు.

"మా నాయన కమీషన్ కొట్లో తెచ్చింది ఎప్పుడో తీర్చేశాం మేడమ్,"
అన్నాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా,
"అయినా ఆ కొట్టు ముందు నించి పోవాలంటే
ఇప్పటికీ సైకిల్ దిగి నడుస్తాను."

ఆ పదకొండూ నేను దిద్దలేదు.

మూడో ప్రూఫు తిరిగొచ్చింది నిన్న.
రెండువందల పన్నెండో పేజీలో
మాస్టారి ఎర్రసున్నా, పక్కన ప్రశ్నార్థకం.
ఆయన 'అది' అని రాసిన చోట
ఎవరో కొట్టేసి, పైన 'నేను' అని రాశారు.
పెన్సిలు నాది. 'న' కొమ్ము వంకర నాదే.
ఎప్పుడు రాశానో గుర్తులేదు.
కరెంటు పోయిన సాయంత్రమేమో.
ఆ వాక్యం కిందికి వచ్చేసరికి
నిద్రలో ఉన్నానేమో.
లేక అప్పుడే లేచానేమో.

"ఇది నువ్వేనా?" అన్నారు ఫోన్లో.
అవునంటే పొగరు, కాదంటే అబద్ధం.
"ఏమో మాస్టారూ" అన్నాను.
ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.
వైద్యుడిలాగా.

ఫారం లెక్కలో ఒక పేజీ మిగిలిందిప్పుడు.
తప్పొప్పుల పట్టిక వేద్దామా మేడమ్ అంటాడు మీరావలి,
ఊరికే ఖాళీగా పోతుంది కదా అని.
బయట టిక్కీల లారీ ఒకటి మలుపు తిరిగింది.
నోరు తెరిచాను, జవాబు చెబుదామని.
తుమ్ము వచ్చింది.