సెల్లార్‌లో తని

రామమూర్తినగర్ ఇంటికింద
పదకొండేళ్లుగా పూతలేని గది.
ఇటుకలు పళ్లికిలిస్తూనే ఉన్నాయి.

యాభై ఆరో ఏట మృదంగం పట్టానని
పైవాటా పంకజాక్షిగారికి తలనొప్పి.
సరే, కిందికి దిగిపోయా.

చేతిలో రెండువేల మూడొందలు.
ఎస్పీ రోడ్డులో గీసిగీసి బేరమాడితే
రెండు ట్యూబులైట్లు, అందులో ఒకటి మిణుకుమిణుకు.
బేకరీ ఇలియాస్ గుడ్ల అట్టలు ఊరికే ఇచ్చాడు,
నూట నలభై. గోడలకు అతికించా,
ఇంకా కాస్త కేకు వాసన.
పైకప్పు చెమ్మకి ఎన్నికల ఫ్లెక్సీ కట్టా.
ఓడిపోయిన పెద్దమనిషి
చేతులు జోడించి పైనుంచి వింటాడు.
నా కచేరీలో లేచి వెళ్లనిది ఆయనొక్కడే.

మెట్లపక్క మూరెడు గోడ మాత్రం వదిలేశా.
అక్కడ మేస్త్రీ ఓబులేసు బొగ్గుతో వేసిన లెక్క:
సిమెంటు ముప్ఫై, ఇసుక రెండు లోడ్లు,
బాకీ నాలుగొందలు.
ఎవరు ఎవరికో రాయలేదు.
మదనపల్లె పోయొస్తానన్నాడు, రాలేదు.

రాత్రి వాన. మూల ఊరిన నీళ్లు
చాప అంచు తడిపాయి.
ఎడమవైపు తోలు మెత్తబడి
‘తోం’ అనాల్సింది ‘దబ్’ అంటోంది.

చాప జరుపుకుని
ఆ బాకీకి ఎదురుగా కూర్చున్నా.
ఆదితాళం, మళ్లీ మొదటినుంచి,
ఎనిమిది లెక్కన్నా తేలేదాకా.