ఇరవై తెత్రీలు

మొదట వచ్చినవాడు బూట్లు విప్పలేదు.
మెషీన్ వంక చూశాడో లేదో
"మోటారు పోయిందమ్మా, మూడొందల లరీలవుతుంది" అన్నాడు.
వంద బయానా పుచ్చుకుని,
వెనక రేకు విప్పి
అరచేతంత పచ్చబోర్డు ఊడదీసి జేబులో వేసుకుని
రేపొస్తానని పోయాడు.
ఆ రేపు బయల్దేరి ఇవాళ్టికి పదకొండు రోజులు.

పదకొండు రోజులుగా
ఆస్పత్రి కోట్లు స్నానాల తొట్టిలో నానేసి
నైట్ డ్యూటీ దిగొచ్చిన మోకాళ్ల మీద కూర్చుని
ఉతుకుతున్నాను.
అయోడిన్ మరక వదలదు.
వాడి ఫోనులో ఎవరో ఆడమనిషి
అందుబాటులో లేరంటుంది, ఎంత మర్యాదగానో.
ఆవిడ మీద కూడా అరిచాను ఒకసారి.

కింద రొట్టెల బట్టీ నడిపే మ్జెవినార్ చెప్పింది:
"ఉషాంగి అని ఒకడున్నాడు. నవ్వడు.
కానీ మా పిండి కలిపే మెషీన్ను
నాలుగేళ్లుగా చావనివ్వట్లేదు."
పక్కింటి త్సియాలా ఇంకో మాట చెప్పింది:
"ఒకసారి చెవిలో పువ్వు పెట్టించుకున్నావు,
ఈసారి ఫ్రిజ్ మీద ఒక నోటు
మర్చిపోయినట్టు పెట్టి చూడు."
పెట్టాను. యాభై లరీలు, నాలుగు మడతలు.

అతను వచ్చేసరికి వగరుస్తున్నాడు.
మా లిఫ్టు నాణెం మింగితేగాని పైకి కదలదు,
జేబులో చిల్లర లేక
గ్ల్డానీలో తొమ్మిది అంతస్తులు ఎక్కాడు
ఇనప సామాన్ల సంచీతో.
గుమ్మంలో బూట్లు విప్పాడు.
ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు.
నీళ్లడిగాడు. తాగి, గ్లాసు తనే కడిగి పెట్టాడు.

తర్వాత చాలాసేపు ఏమీ చెయ్యలేదు.
మెషీన్ పక్కన బాసింపట్టు వేసుకుని
డ్రమ్మును చేత్తో తిప్పుతూ విన్నాడు.
మా డాక్టర్లు ఈ మధ్య ఎవరి గుండెనీ
అంతసేపు వినగా నేను చూడలేదు.
"మోటారుకేం, గుండ్రాయిలా ఉంది" అన్నాడు.
"మరి బోర్డు?"
"అదీ బాగానే ఉండి ఉంటుంది.
చెడిపోయినదాన్ని ఎవరెత్తుకెళతారు?"

కింది మూత విప్పితే
గిన్నెలోకి మురికినీళ్లు, దారప్పోగులు,
ఒక హెయిర్‌పిన్ను,
ఇరవై తెత్రీల నాణెం
నల్లబడి, పంపు రెక్కకి అడ్డంపడి.
విప్పిన స్క్రూలన్నీ వంటింటి తువాలు మీద పేర్చాడు
ఏది ఎక్కడిదో చెబుతూ,
నేను అడగకపోయినా.
సంచీలోంచి ఒక బోర్డు తీశాడు:
"చచ్చిపోయిన మెషీన్లోది. కొత్తది కాదు.
రెండేళ్లొస్తుందో, రెణ్ణెల్లో, చెప్పలేను."
చెప్పలేను అన్న మాట
రిపేరుకొచ్చిన మనిషి నోట వినడం
ఈ ఇంట్లో ఇదే మొదలు.

ప్లగ్గు కోసం ఫ్రిజ్ జరపబోతూ
నోటు తీసి నా చేతికిచ్చాడు, మొహం చూడకుండా.
"దాచుకోండి, తడుస్తుంది."
మర్చిపోయానని ఏదో గొణిగాను.
"ప్రతి ఇంట్లోనూ ఉంటుందండీ ఒకటి"
అన్నాడు స్క్రూ బిగిస్తూ,
"ఫ్రిజ్ మీదో, సబ్బుపెట్టె కిందో.
ఎక్కువగా యాభయ్యే.
ఒకావిడ మాత్రం అయిదు పెట్టింది,
ఆవిడ నన్ను అంతవరకే నమ్మింది."

నీళ్లు దిగిన చప్పుడైంది. డ్రమ్ము తిరిగింది.
అరవై అడిగాడు, బోర్డుతో కలిపి.
ఆ నోటే మడతలు విప్పి, ఇంకో పది చేర్చి ఇచ్చాను.
ఎంత సాపు చేసినా గీతలు పోలేదు.
నాణెం తోమి ఇవ్వబోయాను, లిఫ్టుకని.
"దిగడానికి డబ్బులెందుకు" అని
సంచీ భుజాన వేసుకున్నాడు.

నంబరు గ్యాస్ మీటరు తలుపు లోపల
పెన్సిల్‌తో రాసుకున్నాను.
సాయంత్రం బాల్కనీలో కోట్లు ఆరేస్తుంటే
త్సియాలా అడిగింది,
"నోటు ఉందా?"
క్లిప్పు పళ్లమధ్య ఉంది. లేదని తలూపాను.
"నే చెప్పలా!" అంది.
క్లిప్పు తీసి
మొదట్నుంచీ మొదలుపెట్టాను:
చిల్లర లేక, త్సియాలా,
తొమ్మిది అంతస్తులు ఎక్కొచ్చాడు.