లైన్ క్లియర్

కొండమల్లేపల్లి సబ్‌స్టేషన్‌లో
ఫీడర్ పటం మళ్లీ గీస్తున్నాను.
పైనుంచి కిందికి ఒక గీత,
అటూ ఇటూ ట్రాన్స్‌ఫార్మర్లు,
కొసకు తండా.
నేను చదివిన పుస్తకాల్లో
కరెంటు ఎప్పుడూ పల్లానికే పారింది.

లైన్‌మన్ ముత్తిలింగం వంగి చూశాడు.
"నూటపదకొండో స్తంభం యాడ మేడం?"
లెక్కలో ఉంది, గీతలో లేదు.
ఏ వానకు ఏ ఇన్సులేటర్ చిటపటమంటుందో
అతనికి తెలుసు.
సోని బత్తాయి తోటలో
మోటరు మూడుసార్లు కాలిన వాసనా తెలుసు.
ఆ కొసకు చేరేసరికి
కరెంటుకే కాళ్లు పీకేవి.

ఇప్పుడు సోని కప్పు మీద ఎనిమిది పలకలు,
తండా బడి మీద ఇరవై.
మిట్టమధ్యాహ్నం, బోర్లు బందున్న వేళ
కరెంటు ఎదురు నడుస్తోంది.
ట్రాన్స్‌ఫార్మర్ మీటరులో అంకె ముందు
చిన్న అడ్డగీత.
మైనస్ అంటే లోటని కదా నేర్చుకున్నది!

ఎండాకాలానికి ఇంకో నలభై కప్పులు.
పగలు వోల్టేజీ పొంగుతుంది,
దీపాల వేళకు కుంగుతుంది.
తీగ మార్చాలా,
బడి వెనక బ్యాటరీ పెట్టాలా,
తెల్లవారుజామున నడిచే బోర్లను
మధ్యాహ్నానికి మళ్లించాలా?
సోనిని అడిగితే
"మిట్ట ఎండల నీళ్లు పెడ్తే
చెట్టు ఉడుకది గద మేడం" అంది.
ఆ మాటకు నా పట్టికలో గడి లేదు.
అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను.

ముత్తిలింగం అడిగింది ఒక్కటే.
"ఇన్నేండ్లు ఈడ మీట దించి
ఎల్సీ తీసుకొని ఆడ ఎక్కినం.
సావు ఒక్క దిక్కుకెల్లే వస్తుండె.
గిప్పుడు ఎన్ని ఇండ్లను అడిగి ఎక్కాలె?"

లైను ఆగితే పలకలూ ఆగుతాయి,
మిషన్లు అట్లాగే చేస్తారని చెప్పాను.
నిజమే చెప్పాను.
తలూపాడు.
కుడిచేతికి మిగిలిన మూడు వేళ్లతో
నా పెన్సిల్ అందుకున్నాడు.
ప్రతి కప్పు కిందా ఒక స్విచ్చు,
గోడ బయట, చేయి అందేంత ఎత్తున,
దానికో తాళం.
పిల్లలు బొమ్మలేసినట్టు
నాలుక కొంచెం బయటపెట్టి గీశాడు.
నలభై రెండు తాళాలు.
ఆఖర్న, వంకరగా,
నూటపదకొండో స్తంభం.

ఫోను మోగింది. ఎక్కడో జంపరు తెగింది.
నేను చెప్పింది నమ్మాడనే అనుకుంటాను.
ఎర్తు గొలుసు మాత్రం
భుజాన వేసుకునే వెళ్లాడు.